ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంట్లో ఓ రాత్రి

నెలల తరబడి తిరిగే యాత్రికులకు ఇంట్లో ఉచితంగా చోటిచ్చేవాళ్ల గురించి రాసిన ఒక వ్యాసం చదివి మనసు నిండింది. సైకిల్ యాత్రికులను ఇలా చోటిచ్చేవాళ్లతో కలిపే వామ్‌షవర్స్ నెట్‌వర్క్ 1993 నుంచే ఉంది, యాత్రికులందరి కోసం అలాంటిదే కౌచ్‌సర్ఫింగ్ వెబ్‌సైట్ 2004లో వచ్చింది. మా ఊళ్లో వీటి పేర్లు ఎవరికీ తెలియవు.

మాది అనంతపురం జిల్లా గుత్తి దగ్గర పల్లె. కశ్మీర్ నుంచి కన్యాకుమారికి సైకిల్ మీద పోయేవాళ్లు చాలామంది 44వ నంబర్ జాతీయ రహదారిలో ఇటే వస్తారు. పోయినేడు ఏప్రిల్‌లో ఒకబ్బాయి నీళ్లడిగితే మా అమ్మ 'ఈ ఎండలో యాడికి పోతావు నాయనా' అని ఆపేసింది. ఒకరి భాష ఒకరికి రాదు. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి పెట్టి, రాత్రికి మిద్దె మీద మంచం వేయించింది. పొద్దున అతను డబ్బులివ్వబోతే ఆమెకు నిజంగా బాధేసింది.

ఉగాది ముందు కర్ణాటక నుంచి శ్రీశైలానికి నడిచే భక్తులకు కర్నూలు, ఆత్మకూరు దారిలో అన్నం, మజ్జిగ ఇచ్చేదీ ఇలాంటి జనమే.

యాత్రికులకు ఒక్క మాట. వెళ్లాక క్షేమంగా చేరామని చెప్పండి. ఆ అబ్బాయి కన్యాకుమారి నుంచి ఫొటో పంపేదాకా మా అమ్మకు ఒకటే టెన్షన్.