సంతకం లేని పంచాంగం

ఆఫీసులో సంతకం లేని కాగితాన్ని నేను ముట్టుకోను. పాతికేళ్ల అలవాటు. అలాంటివాణ్ణి పట్టుకుని మా బామ్మర్ది "బావా, సంతకం లేని యాప్ ఎక్కించేద్దామా?" అన్నాడు.

తప్పు నాదే. నేను ఎప్పుడో వాడిన పంచాంగం యాప్ ఇప్పుడు యాప్ స్టోర్‌లో లేదని వాడి దగ్గర వాపోయాను. వాడు దాని ఐపీఏ ఫైలు, అంటే ఐఫోన్ యాప్ మూట, ఎక్కడో సంపాదించాడు. నాది జగదీశ్ మార్కెట్లో కొన్న సెకండ్‌హ్యాండ్ ఐఫోన్ 7. యాపిల్ కంపెనీ, డిజిటల్ సంతకం లేని యాప్‌ని ఫోన్ గడప తొక్కనివ్వదు. ఉచిత యాపిల్ ఐడీతో మనమే సంతకం చేసుకోవచ్చట, కానీ అది 7 రోజులకే చెల్లిపోతుంది. "వారం వారం ఆ తద్దినం ఎవడు పెడతాడు బావా, జైల్‌బ్రేక్ చేసి పారేద్దాం" అన్నాడు. అంటే ఫోన్‌కి యాపిల్ వేసిన సంకెళ్లు తెంచేయడమట.

ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి, పవర్ బటనూ వాల్యూమ్ తగ్గించే బటనూ కలిపి నొక్కమన్నాడు. పసిపిల్లకి ఆముదం పట్టేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకున్నాను. నాలుగోసారికి చెక్‌రెయిన్ అనే జైల్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్ పని చేసింది. యాపిల్‌ది కాని యాప్ దుకాణం సిడియా వచ్చింది, దాని వెనకే సంతకం అడగనివ్వని యాప్‌సింక్ వచ్చింది, దాని చలవతో పంచాంగం వచ్చింది. "ఫోన్ మాత్రం ఆఫ్ అవనీయకు బావా" అని వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పాడు. ఇలాంటివన్నీ గుమ్మంలోనే చెప్తారు.

మర్నాడు మంగళవారం. పని మీద వెళ్లి, అమీర్‌పేటలో మెట్రో దిగి, ఇరానీ హోటల్లో రెండు చాయ్‌లూ నాలుగు ఉస్మానియా బిస్కెట్లూ కానిచ్చాను. డబ్బు కట్టబోతే బ్యాంకు యాప్ మొరాయించింది. జైల్‌బ్రేక్ అయిన ఫోన్లో తెరుచుకోదట! జేబులో నోటు పెట్టుకోవడం మానేసి ఏళ్లయింది. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే సర్దుకుంటుందనుకున్నా. గుమ్మంలో మాట గుర్తొచ్చేసరికి తెర మీద యాపిల్ వెలిగింది.

ఇప్పుడు పంచాంగమూ తెరుచుకోలేదు. ఫోన్ ఆఫ్ అయితే జైల్‌బ్రేక్ పడుకుంటుందట, మళ్లీ లేపాలంటే ఆ ల్యాప్‌టాప్ కావాలి. సిడియా ఆనవాళ్లు మాత్రం లోపలే ఉన్నాయి కాబట్టి బ్యాంకు యాప్ అలక మానలేదు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

బామ్మర్దికి ఫోన్ చేస్తే మామగారు ఎత్తారు. అంతా విని, "మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం కదా అల్లుడుగారూ, మూడుంబావుకి చాయ్ ఏమిటి?" అన్నారు. యాప్ లేకుండానే, టకటకా.

కౌంటర్లో పెద్దాయన జాలిపడ్డాడు. "ఫికర్ జెయ్యకు సార్, రేపియ్యి" అంటూ ఖాతా పుస్తకం నా ముందుకు జరిపాడు.

"గీడ సంతకం పెట్టు."