లేని సితార్‌కు శాలువా

మొన్న రాత్రి పదకొండింటికి మా అన్నయ్య కొడుకు ఫోన్. "బాబాయ్, 'ఎయిట్ మైల్స్ హై' విన్నావా? సితార్ ఇరగదీశారు! 1966లోనే అమెరికా వాళ్లకి మన రాగాలు ఎక్కేశాయి!" చెప్పి వాడు హాయిగా పడుకున్నాడు. నాకు తెల్లార్లూ జాగారం.

కాబట్టి సభాముఖంగా మనవి చేస్తున్నాను. అమెరికా రాక్ బృందం బర్డ్స్ పాడిన ఆ పాటలో సితార్ లేదు. తంబురా లేదు. ఉన్నది ఆ బృందం గిటారిస్టు మెగ్విన్ చేతిలోని పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ గిటార్.

మరి సితార్ ఏదీ అంటారా? ప్రెస్‌మీట్‌లో ఉంది. పాట విడుదలైన ఆ మార్చిలోనే న్యూయార్క్‌లో విలేకరులను పిలిచి సితార్‌ను చూపించారు. రికార్డు కంపెనీ వారు "రాగా రాక్" అని బారసాల కూడా చేసేశారు. నాకు మాత్రం మన పాతకాలం పెళ్లిచూపులే గుర్తొస్తాయి. పక్కింటి వీణ తెచ్చి అమ్మాయి ముందు పెడతారు. "ఏదీ, ఒక కీర్తన" అంటాడు పెళ్లికొడుకు తండ్రి. తీగ తెగిందంటుంది తల్లి. జలుబు చేసిందంటుంది మేనత్త. వీణకి జలుబేమిటని ఎవరూ అడగరు. ఈలోగా పకోడీలొస్తాయి. వీణ పక్కింటికి పోతుంది, సంబంధం ఖాయమవుతుంది. "రాగా రాక్" కూడా అలాగే ఖాయమైంది. ఏ రాగమండీ అంటే జలుబే సమాధానం.

పాట పేరులోని ఎనిమిది మైళ్ల ఎత్తు సంగతీ అంతే. లండన్ విమాన ప్రయాణం మీద రాసిన పాట. విమానాలు ఎగిరేది ఆరేడు మైళ్ల ఎత్తున. చెవికి ఇంపుగా ఉందని ఎనిమిది చేశారు. కవులు కదా, పోనిద్దాం. ఇది మత్తుమందుల పాటని గావిన్ రిపోర్ట్ అనే రేడియో వ్యాపార పత్రిక స్టేషన్లను హెచ్చరిస్తే, కాదు మొర్రో, విమానమే అన్నారు. తర్వాత రాసినవాళ్లే, అదీ కొంత ఉందిలే అని ఒప్పుకున్నారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. అసలు ఆ గిటార్ ఎత్తుకునే నాలుగు స్వరాలు ఎవరివి? అమెరికా జాజ్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్‌వి. 1961లో ఆయన వాయించిన ఆ రచన పేరే "ఇండియా". బర్డ్స్ వాళ్లు టూర్ బస్సులో కోల్ట్రేన్‌నూ రవిశంకర్‌నూ ఒకే టేపులో ఎక్కించుకుని పదే పదే విన్నారు. మెగ్విన్ ఆ అప్పు దాచలేదు కూడా. కోల్ట్రేన్ ఫొటోల కోసం సితార్ పట్టుకోలేదు. రవిశంకర్‌ను కలిసి, అడిగి తెలుసుకున్నాడు. ఆ గౌరవంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. 1967లో, 40 ఏళ్లకే పోయాడు. ఆ నల్లజాతి మనిషి ఊపిరంతా పెట్టి ఊదిన స్వరాలను తీసుకెళ్లి, ఫొటోకి తెచ్చిన సొరకాయ బుర్ర ఖాతాలో వేస్తారా? సిగ్గుండక్కర్లేదా? కంపెనీకి వ్యాపారం, సరే. మనకేం రోగం? తెల్లవాడి చేతిలో సితార్ కనబడితే చాలు, పాట వినకుండానే చప్పట్లు కొడతాం!

పొద్దున్నే వాడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"పోనీ, తబలా అన్నా ఉందా బాబాయ్?"