మహారాజశ్రీ "నాకు లెక్కలు రావు" గారికి

అయ్యా,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. మీ క్షేమం గురించి అడగక్కర్లేదు, మీరు ఎక్కడికెళ్లినా ఎదురొచ్చి కుర్చీ వేసేవాళ్లే. పదిమంది కూర్చున్న చోట ఒకరు మిమ్మల్ని తలిస్తే చాలు, పక్కాయన "అయ్యో, నేనూ అంతేనండీ" అంటూ చెయ్యి కలుపుతాడు. ఎక్కాల దగ్గర తిన్న తిట్లు, పరీక్ష ముందు రాత్రి పడ్డ టెన్షన్ అన్నీ సరదా కబుర్లైపోతాయి. కొత్తవాళ్ల మధ్య ఇంత తొందరగా స్నేహం కుదిర్చే మాట ఇంకోటి లేదు. ఆ గొప్పతనం మీదే, కాదనను.

నా అనుమానమల్లా మీరు నిజమేనా అని. మిమ్మల్ని నాలుక చివర పెట్టుకు తిరిగే మనిషికి జీతంలో ఒక్కరోజు కోత పడనివ్వండి, ఎంత తగ్గిందో నిమిషంలో చెప్పేస్తాడు. తొమ్మిదింటికి చేరాలంటే స్నానానికెంత, ట్రాఫిక్‌కెంత అని వెనక్కి లెక్కేసుకుని అలారం పెట్టుకుంటాడు. ఆస్తి పంపకాలప్పుడైతే భిన్నాలు ఎంత చక్కగా వస్తాయో వేరే చెప్పాలా? మరి మీరు బయటికొచ్చేది ఎప్పుడు? ఎదుటివాడు ఒక కాగితం ముందుకు జరిపి "ఇక్కడ సంతకం పెట్టండి" అన్నప్పుడు.

అలాంటి కాగితం ఒకటి చూద్దాం. పన్నెండు వేల అప్పు, ఏడాది గడువు, వడ్డీ ఫ్లాట్‌గా 10 శాతం. అంటే వడ్డీ 1,200. మొత్తం 13,200, నెలకు 1,100 చొప్పున పన్నెండు కిస్తీలు. వినడానికి ముచ్చటగానే ఉంది. కానీ ఆ 1,100లో వెయ్యి అసలుకే జమవుతోంది కదా. ఆరు కిస్తీలు కట్టేసరికి సగం అప్పు తీరిపోయింది, వడ్డీ మాత్రం ఇంకా పన్నెండు వేల మీదే నడుస్తోంది. ఆఖరి నెలకొస్తే మిగిలిన అసలు 1,000, దాని మీద ఆ ఒక్క నెలకు కట్టే వడ్డీ 100. నెలకు 10 శాతమన్నమాట! తగ్గే అసలు మీద లెక్కగడితే ఈ అప్పుకు పడే వడ్డీ ఏడాదికి సుమారు 18 శాతం. ఆ 18 తేల్చడానికి కాలిక్యులేటర్ కావాలేమో గానీ, అది 10 కాదని పసిగట్టడానికి కూడికలు, భాగహారాలు చాలు. సరిగ్గా ఆ క్షణాన మీరు గొంతుకు అడ్డుపడి "అవన్నీ నాకెందుకులెండి, నెలకెంతో చెప్పండి" అనిపిస్తారు. అప్పులిచ్చేవాళ్లు మీకు కమీషన్ ఇవ్వకపోవడం అన్యాయం.

20 శాతం తగ్గింపు మీద మరో 20 శాతం అంటే 40 అనుకుని పరిగెత్తేవాళ్లున్నారు. అది 36. పోనీండి, నాలుగు శాతమే కదా. సగానికి పడిపోయిన పెట్టుబడి మొదటికి రావాలంటే 50 కాదు, 100 శాతం పెరగాలి. అది మాత్రం పోనీండి అనేది కాదు.

నష్టం డబ్బుతో ఆగితే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బు ఒకటుందనుకోండి. దానికో పరీక్ష, జబ్బున్నా లేకపోయినా నూటికి తొంభై తొమ్మిది సార్లు సరిగ్గా చెబుతుంది. ఏ లక్షణమూ లేని మనిషి మామూలు చెకప్‌కు వెళ్తే పాజిటివ్ వచ్చింది. "99 శాతం నాకు జబ్బున్నట్టే" అని ఆ రాత్రంతా కంటిమీద కునుకుండదు. వెయ్యిమందికీ ఆ పరీక్ష చేసి చూడండి. జబ్బున్న ఒక్కరూ దాదాపుగా దొరికిపోతారు. జబ్బులేని 999 మందిలో నూటికొకరి చొప్పున మరో పదిమందికి పొరపాటున పాజిటివ్ వస్తుంది. పదకొండు పాజిటివ్‌లలో నిజమైనది ఒక్కటి! రెండో పరీక్ష చేయించుకోవాల్సిందే, కానీ వీలునామా రాసేంత తొందరేమీ లేదు.

ఇంగ్లండ్‌లో మీరు కోర్టుదాకా కూడా వెళ్లారు. ఇద్దరు పసిబిడ్డలు ఒకరి తర్వాత ఒకరు చనిపోతే తల్లి శాలీ క్లార్క్ మీద హత్య కేసు పెట్టారు. ఒకే ఇంట్లో రెండుసార్లు ఇలా సహజంగా జరిగే అవకాశం 7.3 కోట్లలో ఒకటని ఒక పిల్లల వైద్యుడు సాక్ష్యం చెప్పారు. ఒక్క మరణానికి 8,543లో ఒకటి అనుకుని, దాన్ని దానితోనే గుణించగా వచ్చిన అంకె అది. ఒకే తల్లిదండ్రులకు పుట్టి, ఒకే ఇంట్లో పెరిగిన బిడ్డల మరణాలకు ఏ సంబంధమూ లేదనుకుంటేనే ఆ గుణకారం చెల్లుతుంది. పైగా కన్నతల్లి ఇద్దరినీ చంపడం కూడా ఎంతో అరుదు, ఆ రెండు అరుదులనూ పక్కపక్కన పెట్టి చూడాల్సింది. 1999లో ఆమెకు యావజ్జీవం పడింది. ఆ లెక్క తప్పని 2001లో గణాంక నిపుణుల సంఘమైన రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ బహిరంగంగానే చెప్పింది. అంతవరకు బయటపెట్టని వైద్య పరీక్షల ఫలితాలు వెలుగులోకి వచ్చి శిక్ష రద్దయ్యేసరికి 2003 వచ్చింది. ఈ ఒక్కచోట మిమ్మల్ని వెక్కిరించడానికి మనసొప్పడం లేదు.

అసలు నా కోపమంతా పిల్లల దగ్గర మీరు చేసే పనికి. 1/2 కంటే 1/3 పెద్దదని పిల్ల చెబుతుంది, రెండు కంటే మూడు పెద్దది కదా మరి. అది ఆలోచించి చేసిన తప్పు. రెండు కాగితాలు తీసుకుని ఒకటి రెండుగా, ఒకటి మూడుగా మడిచి చూపిస్తే నిమిషంలో తేలిపోయేది. ఆలోపే "మా ఇంట్లో ఎవరికీ లెక్కలు రావులే, పోలిక ఎక్కడికి పోతుంది" అంటూ మీరు దిగిపోతారు. ముక్కు, జుట్టు లాగా దీన్నీ వంశపారంపర్యం చేసేశారు! లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు హోంవర్కులో తరచూ సాయం చేస్తే, ఆ పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారని అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద జరిగి 2015లో అచ్చయిన ఒక అధ్యయనంలో తేలింది. సాయం చేసే నోట్లో మీరు కాపురముంటే ఇంకేం జరుగుతుంది?

బడికీ ఇందులో వాటా ఉంది లెండి. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకయిందని అడిగితే "పరీక్షలో అది అడగరు" అనే జవాబు వచ్చే చోట మీకు సీటు గ్యారంటీ. ఎవరు ముందు చేస్తే వాళ్లే తెలివైనవాళ్లనే పద్ధతి ఉన్నచోట అయితే మొదటి బెంచీయే మీది.

చిన్న విన్నపం. పెద్దల కబుర్లలో మీరు హాయిగా తిరగండి. పుస్తకం తెరిచి కూర్చున్న పిల్లల దగ్గరికి మాత్రం మీకు బదులు మీ తమ్ముణ్ని, "ఇంకా అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" గారిని పంపండి. ఆయనకు మీకున్న పలుకుబడి లేదు, నలుగురిలో నవ్వులు పూయించడమూ చేతకాదు. కానీ ఆయనతో పెరిగిన పిల్ల రేపు సంతకం పెట్టేముందు పెన్ను పక్కనపెట్టి "ఈ 10 శాతం దేని మీదండీ?" అని అడుగుతుంది. ఎదుటివాడు కాసేపు నీళ్లు నమిలి, ఆ తర్వాత మేనేజర్‌ను పిలుస్తాడు.

ఇట్లు,
మీ పాత పరిచయస్థుడు