గోడ స్విచ్చును నిషేధించాలి

మన ఇళ్లు స్మార్ట్ కాకుండా అడ్డుపడుతున్నది ఎవరని అడిగితే రౌటర్ అంటారు కొందరు, ఇంటర్నెట్ వాళ్లంటారు ఇంకొందరు. అసలు దోషి గోడ మీదే ఉంది. నొక్కగానే లైటు వెలిగించేస్తుంది. ఫోన్ నంబరు అడగదు, ఓటీపీ పంపదు, మీరున్న చోటు తెలుసుకోవడానికి అనుమతి కోరదు, ‘నిబంధనలన్నీ చదివాను’ అని మన చేత అబద్ధం చెప్పించదు. ఎవరు నొక్కుతున్నారో కూడా చూసుకోకుండా పనిచేసే ఇలాంటి వస్తువును నాగరిక సమాజం ఎంతకాలం భరిస్తుంది?

అదే స్మార్ట్ బల్బు పద్ధతి చూడండి. చాలా వై-ఫై బల్బుల విషయంలో, సోఫాలో కూర్చుని మీరు ఫోన్‌లో నొక్కిన ‘ఆన్’ సెక్రటేరియట్‌కు వెళ్లే ఫైలు లాంటిది. ఫోన్ నుంచి రౌటర్‌కు, అక్కడి నుంచి ఫైబర్ మీద కంపెనీ సర్వర్‌కు వెళ్లి, సంతకం పడ్డాక అదే దారిలో వెనక్కి వచ్చి మీ నెత్తి మీదున్న బల్బును చేరుతుంది. ఆ సర్వర్ సింగపూర్‌లో ఉండొచ్చు, అమెరికాలోని వర్జీనియాలో ఉండొచ్చు. వర్జీనియాలో యాష్‌బర్న్ చుట్టుపక్కల డేటా సెంటర్లు బారులు తీరి ఉంటాయి. మనవాళ్లు కూడా అక్కడ బోలెడంత మంది. కాబట్టి కూకట్‌పల్లిలో మన హాలు లైటుకు అక్కడ అనుమతి దొరికితే ఒకరకంగా చుట్టాలింటికి వెళ్లొచ్చినట్టే అనుకోవాలి.

అప్పుడప్పుడు పై ఆఫీసు మూతపడుతుంది, దానికేం చేస్తాం. 2021 డిసెంబర్ 7న ఉత్తర వర్జీనియాలోని అమెజాన్ క్లౌడ్, అంటే కంపెనీలు అద్దెకు వాడుకునే సర్వర్లు, మొరాయిస్తే ఇళ్లు ఊడ్చే రోబోలు ఆగిపోయాయి, గుమ్మం కెమెరాలు పలకలేదు. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే అమెరికన్ కంపెనీ మాటా పలుకూ లేకుండా సర్వర్లు ఆపేసింది. లైట్లు నడిపే యాప్ చేతిలో ఉన్నా జనం ఏమీ చేయలేకపోయారు. చివరికి కొందరు కస్టమర్లు కలిసి ఆ కంపెనీనే కొనుక్కుని సర్వర్లు లేపారు. లైటు వేసుకోవడానికి కంపెనీ కొనడం! ఈ గొడవంతా జరుగుతున్నప్పుడు కూడా గోడకున్న స్విచ్చులు మాత్రం నొక్కితే పనిచేశాయట. ద్రోహమంటే ఇదే.

మన ఇళ్లకొద్దాం. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు యాప్‌లో ‘డివైస్ ఆఫ్‌లైన్’ అని బూడిద రంగులో వస్తుంది. వెంటనే అబ్బాయి టెన్షన్ పడి రౌటర్ ఆపి మళ్లీ వేస్తాడు, యాప్ తీసేసి మళ్లీ ఎక్కిస్తాడు, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తాడు. అటువైపు అమ్మాయి ‘రౌటర్ ఆపి, ముప్పై సెకన్లు ఆగి ఆన్ చేయండి సార్’ అంటుంది. ఈలోగా నానమ్మ వంటగదిలో నుంచి వస్తూ ఇంకో స్విచ్చు ఆపేస్తుంది.

‘‘నానమ్మా, ఆ స్విచ్చు ముట్టుకోవద్దన్నానా? ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి.’’

‘‘ఎవరూ లేని గదిలో లైటెందుకురా? బిల్లు నువ్వు కడుతున్నావా, మీ నాన్న కడుతున్నాడా?’’

‘‘అవసరం లేనప్పుడు నేను ఫోన్‌లో ఆపుతాను కదే!’’

‘‘లైటు ఆపడానికి ఫోన్ ఎందుకురా, నేను ఇక్కడే ఉన్నాగా.’’

ఈ వాదనకు ఇంతవరకూ ఏ కంపెనీ ఇంజనీరూ జవాబు కనిపెట్టలేదు. కరెంటు అందకపోతే బల్బులోని వై-ఫై చిప్ కూడా చచ్చినట్టే కాబట్టి, రౌటర్ ఎన్నిసార్లు పిలిచినా పలకదు. వై-ఫై బదులు జిగ్‌బీ అనే వేరే వైర్‌లెస్ పద్ధతిలో పనిచేసే బల్బులైతే ఇంకా తమాషా. అవి ఒకదాని సందేశం ఇంకొకటి అందుకుని ముందుకు పంపుతాయి. నానమ్మ వరండా లైటు ఆపితే దాని మీద ఆధారపడ్డ బాల్కనీ లైటు కూడా దారి తప్పుతుంది. ఆమె బాల్కనీ వైపే వెళ్లలేదు, పాపం. యాప్ తయారు చేసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: ‘డివైస్ ఆఫ్‌లైన్’ అనే పిరికి మాట తీసేసి, ‘మీ ఇంట్లో పెద్దవాళ్లు ఆపేశారు’ అని ధైర్యంగా చెప్పండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

పొదుపు మాట కూడా తేల్చేద్దాం. బల్బు ఆరిపోయి ఉన్నా హుకుం కోసం చెవులు రిక్కించుకునే ఉంటుంది. అందుకు అర వాటు చొప్పున తీసుకుంటుందనుకున్నా, పది బల్బులకు ఏడాదికి 40 యూనిట్లు దాటుతాయి. అంటే చీకటిగా ఉండటానికి మనం కడుతున్న బిల్లు. నానమ్మకు ఈ లెక్క చెప్పకండి.

మిగతా నేరాలు చిన్నవే. ఇళ్లలో వై-ఫై ఎక్కువగా నడిచే దారులు రెండు: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. ఎక్కువ వై-ఫై బల్బులకు 2.4 తప్ప తెలియదు. కొత్త రౌటర్ 2.4ను, 5ను ఒకే పేరుతో చూపిస్తుంది. ఫోనేమో 5 పట్టుకుని కూర్చుంటుంది. కొన్ని యాప్‌లు కొత్త బల్బును జోడించేటప్పుడు దీనికే తికమకపడి, కళ్లెదుటే మిణుకుమిణుకుమంటున్న బల్బును ‘కనపడలేదు’ అంటాయి. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి రెండిటికీ వేరువేరు పేర్లు పెట్టాలి. అందుకు కావలసిన పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. రౌటర్ అటక మీద ఉంటుంది. స్టిక్కర్ గోడవైపు తిరిగి, మేకుకు బిగించి ఉంటుంది. స్టూలెక్కి, చెయ్యి సందులో దూర్చి, కనపడని స్టిక్కర్‌కు ఫోన్‌తో ఫొటో తీస్తే ‘0’కూ ‘O’కూ తేడా తెలియని పాస్‌వర్డ్ వస్తుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు మరో వేడుక. అర్ధరాత్రి రెండింటికి కరెంటు రాగానే చాలా బల్బులు పూర్తి వెలుగుతో లేస్తాయి, ఎందుకంటే ఎవరో స్విచ్చు వేశారని వాటి నమ్మకం. యాప్‌లో ఈ అలవాటు మార్చుకునే సెట్టింగు చాలావాటికి ఉంది, వెతికే ఓపిక ఉంటే. రౌటర్ తేరుకోవడానికి ఇంకా రెండు మూడు నిమిషాలు పడుతుంది కాబట్టి అప్పటిదాకా ఫోన్‌లో ఎంత నొక్కినా ఆరవు. రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలిపితే ఈ బాధ కొంత తగ్గుతుంది. బల్బులు కాకుండా స్విచ్చులనే స్మార్ట్‌వి పెట్టిద్దామంటే ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి, టార్చి వేసి చూసి, ‘ఇందులో న్యూట్రల్ లేదు సార్’ అంటాడు. న్యూట్రల్ అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు; చాలా స్మార్ట్ స్విచ్చులు అది లేకుండా పనిచేయవు. పాత ఇళ్లలో చాలాచోట్ల అది నేరుగా లైటుకే పోతుంది, స్విచ్చు బోర్డులోకి రాదు.

అందుకే స్విచ్చును చట్టం చేసి నిషేధించాలంటున్నాను. చట్టం వచ్చేదాకా ప్రతి స్విచ్చు మీదా ఇన్సులేషన్ టేపు అంటించాలి. కొన్ని ఇళ్లలో ఇప్పటికే అంటిస్తున్నారు, పనమ్మాయి తుడిచేటప్పుడు ఊడదీస్తోంది, అది వేరే కేసు.

చిన్న చిక్కు మాత్రం ఉంది. బల్బు పూర్తిగా మొండికేస్తే రీసెట్ చేయాలి. అది యాప్‌తో కాదు. కంపెనీని బట్టి మూడుసార్లో ఐదుసార్లో టకటకా ఆపి మళ్లీ వేస్తే బల్బు గబగబా మిణుకుమంటుంది. కాస్త నెమ్మదిస్తే లెక్క మళ్లీ మొదటికి. ఆపి మళ్లీ వేయాల్సింది ఆ గోడ స్విచ్చే. కనుక చట్టంలో ఒక మినహాయింపు తప్పదు: రీసెట్ కోసం మాత్రం టేపు విప్పొచ్చు, ఆ అధికారం నానమ్మకే ఉండాలి. ఇంట్లో అంత వేగంగా స్విచ్చు ఆపగలిగిన చెయ్యి ఇంకెవరికీ లేదు.