తగిన అర్థంలో తుల్యం

గణిత నిర్మాణాలనూ, వాటి మధ్య బాణాలనూ, ఆ బాణాల మధ్య బాణాలనూ పరిశీలించే ఉన్నత కేటగిరీ సిద్ధాంతంలో ఈమధ్య చదివిన ఒక పత్రంలో, రెండు నిర్మాణాలు "తగిన అర్థంలో తుల్యం" అని రాసి రచయిత తర్వాతి పేరాలోకి నిశ్చింతగా వెళ్ళిపోయారు. ఆ అర్థం ఎవరికి తగినదో మాత్రం చెప్పలేదు. సమానత్వం పసిపిల్లల ఆట అనీ, హోమియోమార్ఫిజం (రాకపోకలు రెండూ అవిచ్ఛిన్నంగా ఉండే ఒకటికొకటి జత) మొరటుతనమనీ, పెద్దమనుషులు తుల్యతతోనే కాలక్షేపం చేస్తారనీ మనమెప్పుడో ఒప్పుకున్నాం కాబట్టి, ఇలా అడగడమే అమర్యాద కావచ్చు.

ఆ పెద్దరికం చూడదలచినవారు టోపాలజీలో మిథ్యావృత్తం అనే బుల్లి అంతరాళాన్ని దర్శించాలి. దానిలో ఉన్నవి 4 బిందువులే, అసలు వృత్తంలో ఉన్నవి లెక్కకు అందనన్ని, అయినా బలహీన హోమోటోపీ తుల్యతలో, అంటే అంతరాళపు రంధ్రాలను నమోదుచేసే హోమోటోపీ గ్రూపులన్నిటినీ ఒక మ్యాప్ (అవిచ్ఛిన్న ప్రమేయం) సరిపోల్చితే చాలనే లెక్కలో, రెండూ సరిజోడు. వృత్తం తన పై చాపాన్నంతా ఒక బిందువుకూ, కింది చాపాన్ని మరొకదానికీ అప్పగించి, మిగిలిన రెండు కొసలనూ మిగతా రెండింటికి పంచి అవిచ్ఛిన్నంగా అటు చేరుకుంటుంది. మర్యాదకైనా తిరిగి చూసి వద్దామని ఆ నలుగురూ బయలుదేరితే, ఎన్నిసార్లు ప్రయత్నించినా, ఎంత జాగ్రత్తగా అడుగు వేసినా, వృత్తంలో ఒకే బిందువు మీద కుప్పగా పడతారు. అవిచ్ఛిన్నంగా రావాలంటే వారికి స్థిర ప్రమేయం తప్ప గతి లేదు. పోవడానికి దారి ఉంది, రావడానికి లేదు, అయినా తుల్యులే. అదెలాగంటే, బాణం ఎటు తిరిగి ఉన్నా ఫరవాలేదట, వంకరటింకరగానైనా గొలుసు కుదిరితే చాలునట.

బిందువులు, గీతలు, పళ్ళాల వంటి ముక్కలను అంచెలంచెలుగా అతికించి కట్టిన సీడబ్ల్యూ కాంప్లెక్సుల మధ్య ఈ బలహీనత నిజమైన హోమోటోపీ తుల్యతే (అవిచ్ఛిన్నంగా సాగదీసే మేరకు తిరుగుదారి ఉన్నదే) అవుతుందని 1949లో గణితజ్ఞుడు వైట్‌హెడ్ నిరూపించి కొంత పరువు నిలిపాడు. అయితే హోమోటోపీ గ్రూపులు విడివిడిగా సరిపోతే చాలదు, వాటన్నిటినీ ఒకే మ్యాప్ కలపాలి. మన రచయితలు ముందుగా దిగమింగేది సరిగ్గా ఈ షరతునే.

ఇది నవ్వి ఊరుకునే సంగతి కాదు. సంయోగంలో కఠిన నియమాలు పాటించే ఇన్ఫినిటీ గ్రూపాయిడ్లే (బిందువులు, వాటి మధ్య దారులు, ఆ దారుల మధ్య దారులు ఇలా అంతులేకుండా పేర్చిన నిర్మాణాలే) హోమోటోపీ టైపులన్నిటికీ, అంటే హోమోటోపీ తుల్యత మేరకు చూసిన ఆకారాలన్నిటికీ, సరిపోతాయని 1991లో గణితజ్ఞులు కాప్రనోవ్, వోయెవోడ్స్కీ ప్రకటించారు. ద్విపరిమాణ గోళపు 3-టైపే (మూడో హోమోటోపీ గ్రూపు వరకే చూసిన రూపమే) వాటికి లొంగదని 1998లో సింప్సన్ చూపించాడు. తప్పు తమదేనని వోయెవోడ్స్కీకి నమ్మకం కుదిరింది 2013లో. దాన్ని దాచకుండా చెప్పుకున్నాడు గనుక ఆయనకు నమస్కారం. ఫీల్డ్స్ పతకం అందుకున్నవాడికే 22 ఏళ్ళు పట్టిన చోట "స్పష్టమే" అని రాయడానికి మీకు చేతులెలా వస్తాయి? రాయని మ్యాప్ కోసం రాత్రుళ్ళు వెతికిన విద్యార్థి, అది దొరకనప్పుడు మిమ్మల్ని కాదు, తన బుర్రనే తిట్టుకుంటాడు. ఏ మ్యాప్, ఎటు నుంచి ఎటు, విలోమం ఉందా లేదా, ఉంటే ఏ మేరకు: రాయడానికి రెండు పంక్తులు చాలవా? సోమరితనానికి సామాన్యీకరణ అని పేరు పెట్టి ఎంతకాలం బతుకుతారు?

ఉండబట్టలేక ఆ పత్ర రచయితకు, ఏ అర్థంలో తుల్యమో దయచేసి తెలుపగలరని లేఖ రాశాను. ఒక్క పంక్తిలో వెంటనే జవాబు వచ్చింది: "మామూలు అర్థంలోనే."