కాల్చి నీళ్లు కొడితే సైలెన్సర్ ఊడదు

ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు ఫోన్లలో ఒక చిట్కా తిరుగుతోంది: "పాత బండి సైలెన్సర్ బెండు పైపు (ఇంజిన్ నుంచి వచ్చే వంపు గొట్టం) దగ్గర పట్టేస్తే కిరోసిన్ పోయండి, ఎర్రబడేదాకా కాల్చండి, చన్నీళ్లు కొట్టండి, వెనక నుంచి సుత్తితో రెండు దెబ్బలేయండి. నట్టు కదలకపోతే పానాకి పైపు తగిలించి లాగండి." ఇందులో కిరోసిన్ మాటే సగం నిజం. మిగతావి నమ్మితే బండి పాడవుతుంది.

సముద్రపు ఉప్పుగాలికి ఇక్కడ ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి రెండు గొట్టాల మధ్య సందు బిగుసుకుంటుంది. కిరోసిన్ అందులోకి దిగుతుంది గానీ నిదానంగా. తుప్పు వదిలించే స్ప్రే ఇంకా నయం. అతుకును బిగించే క్లాంపు తీసి, వైరు బ్రష్షుతో రుద్ది, సాయంత్రం ఒకసారి, రాత్రి ఒకసారి కొట్టి పొద్దున చూడాలి. ఆ తడి మీద మంట పెడితే అంటుకుంటుంది. తుడిచి, ఆరనిచ్చి, పెట్రోల్ ట్యాంకు దించి దూరంగా పెట్టాకే మంట వచ్చే గ్యాస్ టార్చి వెలిగించాలి.

అసలు తప్పు నీళ్ల దగ్గరుంది. చాలా బండ్లలో సైలెన్సర్ మూతి బెండు పైపు మీదికి ఎక్కుతుంది. 38 మిల్లీమీటర్ల మూతి 250 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం సుమారు 0.11 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మనకు కావలసింది ఆ కాస్త సందే. నీళ్లు కొడితే ముందు చల్లారేది బయటి మూతే, అది ముడుచుకుని లోపలి పైపును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. తడిగుడ్డ చుట్టాల్సింది బెండు పైపుకి, అతుకుకి ముందు. మంట మూతి చుట్టూ తిప్పి, వేడి తగ్గకముందే తోలు గ్లోవ్స్‌తో సైలెన్సర్‌ని అటూ ఇటూ మెలితిప్పాలి.

ఎర్రబడేదాకా కాల్చనక్కర్లేదు, క్రోమ్ నీలం తిరుగుతుంది. అల్యూమినియంతో చేసిన ఇంజిన్ హెడ్డు (పైభాగం) దగ్గరైతే మరీ ప్రమాదం: ఉక్కు బాగా ఎర్రబడే వేడి అల్యూమినియం కరిగే 660 డిగ్రీలను దాటుతుంది.

సుత్తి దెబ్బకు లోపలి రేకుల వెల్డింగు ఊడి సైలెన్సర్ గలగలలాడుతుంది, ఆ అదురు హెడ్డు స్టడ్డుల (బెండు పైపును హెడ్డుకు పట్టి ఉంచే, నట్లు ఎక్కే మరలు) దాకా పోతుంది. వెనక బోల్టు తీశాక చెక్కముక్క అడ్డం పెట్టి మూతి అంచున మెల్లగా తట్టండి, చాలు. అప్పటికీ రాకపోతే మూతికున్న చీలికలో స్క్రూడ్రైవరు పెట్టి తెరవండి. చీలిక లేకపోతే హాక్సా బ్లేడుతో 20 మిల్లీమీటర్లు నిలువుగా కోయండి, లోపలి పైపుకి బ్లేడు తగలకూడదు. తర్వాత క్లాంపు ఆ కోతను మూసేస్తుంది.

పానాకి పైపు తగిలిస్తే నట్టుతో పాటు స్టడ్డూ తెగుతుంది, ఆపైన లేత్ షాపు పనే. ఆరు పలకల సాకెట్ పెట్టి ముందు వెంట్రుకవాసి బిగించి, తర్వాత వదులు చేయాలి. పావు చుట్టు తిరిగాక నూనె వేసి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు.

బిగించేటప్పుడు హెడ్డు దగ్గర కొత్త గ్యాస్కెట్ రింగు వేసి, స్టడ్డులకీ మూతి లోపలికీ కాపర్ గ్రీజు రాయండి. రెండు నట్లనూ మార్చిమార్చి బిగించి, క్లాంపు అన్నిటికన్నా చివర బిగించాలి.