400 ఎంబీ సినిమాలో చీకటి ఎక్కడికి పోయింది?

పెద్దగా ఆడని మంచి తెలుగు సినిమా ఒకటి చూడాలనిపిస్తే ఇవాళ హైదరాబాద్‌లో ఎవరైనా చేసేది దాదాపు ఒకటే. ఓటీటీల్లో వెతుకుతారు, ఉండదు. యూట్యూబ్‌లో పేరు కొడతారు, రెండు పాటలు, ఓ పది నిమిషాల సీను కనిపిస్తాయి. ఇక తెలిసినవాళ్ల గ్రూపులో "అన్నా, ఇది ఎవరి దగ్గరైనా ఉందా" అని ఒక మెసేజ్ పడుతుంది, సాయంత్రానికల్లా టెలిగ్రామ్‌లో లింకు వచ్చేస్తుంది. 400 ఎంబీ, హెచ్ఈవీసీ (వీడియోని బాగా కుదించే ఒక పద్ధతి), పక్కనే "ప్రింట్ పర్లేదు" అని ఒక మాట. పంపినవాడు సినిమాకి సేవ చేశాననుకుంటాడు, అందుకున్నవాడు దండం ఎమోజీ పెడతాడు.

దీన్ని పైరసీ అని ఒక్క మాటలో తీసిపారేయొచ్చు. చట్టం కూడా ఆ మాటే అంటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది, ఆ సినిమా బజార్లో దొరుకుతోందా లేదా అన్నది చట్టానికి పట్టదు. 2025 నవంబరులో పైరసీ సైటు ఐబొమ్మ నడుపుతున్నాడన్న ఆరోపణతో హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేసినప్పుడు ఎంత రచ్చ జరిగిందో చూశాం, టికెట్ రేట్ల నుంచి పాప్‌కార్న్ దాకా అన్నీ బయటికొచ్చాయి. కానీ ఆ గొడవంతా నిన్నగాక మొన్న రిలీజైన సినిమాల గురించి, కొనే దారి ఉండీ కొనకపోవడం గురించి. డబ్బులు చేతిలో పట్టుకుని తిరిగినా దొరకని సినిమా సంగతి వేరు. అక్కడ పంచుకునేవాడి మీద నాకు కోపం లేదు. అలాగని అది చట్టబద్ధమైపోదు, ఆ సంగతి పంచుకునేవాడికీ తెలుసు. నా తగాదా అంతా పంచుకుంటున్న ఆ ఫైలుతో.

లెక్క చూద్దాం. రెండు గంటల ఇరవై నిమిషాల సినిమా అంటే 8,400 సెకన్లు. సెకనుకి 24 ఫ్రేములు, మొత్తం రెండు లక్షల పైచిలుకు. 400 ఎంబీని వాటికి పంచితే ఒక్కో ఫ్రేముకి సగటున రెండు కిలోబైట్లు దక్కుతుంది, అందులోనే శబ్దం వాటా కూడా. రెండు కిలోబైట్లు అంటే ఎంతో తెలియాలంటే మీరిప్పుడు చదువుతున్న ఈ పేరానే చూడండి. తెలుగులో ఒక్కో అక్షరం, గుణింతం గుర్తు, ఒత్తు కంప్యూటర్లో మూడేసి బైట్లు తింటాయి, ఆ లెక్కన ఈ ఒక్క పేరాకే రెండు కిలోబైట్ల దాకా అయిపోతుంది. మరోవైపు, అదే సినిమా నెగటివ్‌ని 2కె (అడ్డంగా రెండు వేల పైచిలుకు పిక్సెళ్లు) స్కానర్ మీద పెట్టి పద్ధతిగా స్కాన్ చేస్తే ఒక్కో ఫ్రేము సుమారు 12 ఎంబీ ఉంటుంది. అంటే ఆరు వేల రెట్లు. అంత తేడాని మధ్యలో ఎవరో ఒకరు పారేయాలి కదా, ఆ పనే కోడెక్, అంటే వీడియోని కుదించే ప్రోగ్రాము, చేస్తుంది.

కోడెక్ మూర్ఖంగా పారేయదు. ఫ్రేముని చిన్న చిన్న గడులుగా కోసి, ముందు ఫ్రేముకీ దీనికీ ఉన్న తేడా మటుకు రాసుకుని, మిగతాది పాతదే వాడేస్తుంది. ఆ లెక్కన నిదానంగా నడిచే డ్రామాకి ఇది వరమే కావాలి, కెమెరా కదలదు, ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటారు, ఫైటు సీనుతో పోలిస్తే బిట్లు తక్కువ ఖర్చవుతాయి. కానీ ఫిల్ము మీద తీసిన సినిమాకి గ్రెయిన్ ఉంటుంది, ఆ సన్నటి రవ్వలు ప్రతి ఫ్రేములోనూ చోటు మారతాయి, కోడెక్ దృష్టిలో అదంతా కదలికే. దాన్ని మొయ్యలేక, కుదించేవాళ్లు ముందే డీనాయిజ్ ఫిల్టర్ వేసి గ్రెయిన్ తుడిచేస్తారు. దాంతోపాటే నుదుటి గీతలు, చెమట, నేతచీర పోగులు పోతాయి. డెబ్బై ఏళ్ల ముసలావిడ ముఖం నున్నగా తయారవుతుంది, ఆ ముఖం చూపించడానికే దర్శకుడు అరనిమిషం కెమెరా కదపకుండా నిలబెట్టి ఉంటాడు పాపం.

చీకటికి జరిగేది ఇంకా అన్యాయం. నలుపుకి దగ్గరి ఛాయల్లో తేడా మనకి అంతగా ఆనదన్న ధీమాతో ఎన్‌కోడర్ అక్కడే ఎక్కువ పొదుపు చేస్తుంది, 8 బిట్ వీడియోలో నలుపు నుంచి తెలుపు దాకా అసలే మెట్లు తక్కువ. దీపం పక్క గోడ మీద వెలుగు మెల్లగా చీకట్లోకి జారాల్సింది పోయి వలయాలు వలయాలుగా తేలుతుంది, కొత్త కీఫ్రేము (పాతదాని మీద ఆధారపడకుండా పూర్తిగా రాసుకునే ఫ్రేము) వచ్చినప్పుడల్లా ఆ వలయాలు ఉలిక్కిపడి చోటు మారతాయి. ఫోన్‌లో చూస్తే తెలియదు. పెన్‌డ్రైవ్‌లో వేసి 43 అంగుళాల టీవీకి పెట్టి, గదిలో లైటు ఆర్పి చూడండి.

1988 నాటి 'దాసి' గుర్తుందా? బి. నర్సింగరావు తీశారు, దొర గడీలో ఒక దాసి బతుకు, మాటలు బహు తక్కువ. ఆ ఏటి జాతీయ అవార్డులు దానికి ఐదు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి అర్చన సరే, మిగతా మూడు ఏమిటో చూడండి: అపూర్వ కిశోర్ బీర్ ఛాయాగ్రహణానికి, వైకుంఠం కళాదర్శకత్వానికి, సుదర్శన్ దుస్తులకి. అంటే వెలుగు, గోడలు, బట్టలు. మాటలు చెప్పని కథని ఇవే చెబుతాయి. ఇలాంటి సినిమాని ఫ్రేముకి రెండు కిలోబైట్ల చొప్పున కొలిచి చేతిలో పెడితే మనకి అందేది ప్లాట్ మాత్రమే. దానికైతే ఎవరినైనా అడిగితే పది నిమిషాల్లో చెప్పేస్తారు.

ఈ నొక్కుడు టెలిగ్రామ్ కుర్రాళ్లతో మొదలైందనుకుంటే పొరపాటు. వీసీడీ రోజుల్లోనే సినిమా 352 బై 288 పిక్సెళ్లకి దిగిపోయింది, ఒక్కో డిస్కులో గంటంబావుకి అటూఇటూగా పట్టేది కాబట్టి మన సినిమాలకి రెండు మూడు డిస్కులు కావాల్సొచ్చేది. తర్వాత డివ్ఎక్స్, ఎక్స్‌విడ్ అనే కోడెక్‌లు వచ్చాయి, ఒక సినిమా ఒకే సీడీలో పట్టాలన్న పట్టుదలతో 700 ఎంబీ అన్న సైజు స్థిరపడింది. 2007లో డిస్కుల కంపెనీ మోజర్ బేర్ వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి తెచ్చింది, ఎన్నో చిన్న సినిమాలు బజార్లో కనిపించిన ఆఖరి కాలం అదే. అప్పట్లోనే త్రీ ఇన్ వన్ డీవీడీలూ ఉండేవి, ఒకే డిస్కులో మూడు సినిమాలు కుక్కి అమ్మేవారు. అంటే లైసెన్సు ఉన్నవాళ్లే ముందు నొక్కారన్నమాట. ఆ డిస్కుని ఒకరు రిప్ చేసి 700 ఎంబీ చేశారు, దాన్నే ఇంకొకరు 400 చేశారు, మరొకరు యూట్యూబ్‌లో పెడితే అది తన వంతు నొక్కింది, అందులోంచి దించి 1080పి అని పేరు తగిలించి పంచే మహానుభావులు కూడా ఉన్నారు.

నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు, చిక్కడపల్లి, బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. తన డీవీడీలన్నీ ఓపిగ్గా కంప్యూటర్లోకి ఎక్కించి, డిస్కులు చోటు తింటున్నాయని ఇంట్లో గొడవైతే పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు. "చిన్న సైజులో కొట్టాను సార్, ఎవరడిగినా పంపడానికి వీలుగా" అన్నాడు. అందులో తొంభైల నాటి కుటుంబ కథ ఒకటి ఉంది, పేరు చెబితే ఆయన ఎవరో తెలిసిపోతుంది కాబట్టి వద్దులెండి. చూశాను. టైటిల్స్ అక్షరాల చుట్టూ చుక్కలు ముసురుకుంటున్నాయి, 4:3 బొమ్మని 16:9కి లాగేసరికి అందరూ పొట్టిగా లావుగా ఉన్నారు, ఎవరైనా చెయ్యి ఊపితే అంచున అడ్డగీతలు, ఇంటర్‌లేసింగ్ (బొమ్మని సరి, బేసి గీతలుగా విడగొట్టి చూపే పాత టీవీ పద్ధతి) తీయకుండానే ఎన్‌కోడ్ చేసినందుకు. ఇవన్నీ ఎన్‌కోడ్ చేసేటప్పుడు చేరిన లోపాలే, డిస్కు ఉంటే ఒక్క రాత్రిలో మళ్లీ చేసుకోవచ్చు. డిస్కు లేదు. ఇప్పుడు ఆ సినిమా అంటే మా గ్రూపులో వందమందికి ఆ ఫైలే. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు చూసి "పాత సినిమా కదా సార్, అట్లనే ఉంటది" అన్నాడు. నా అసలు బాధ అదే, నష్టం జరిగిందన్న సంగతే చూసేవాడికి తెలియడం లేదు.

పైగా ఇంత గట్టిగా నొక్కాల్సిన అవసరం ఇప్పుడు లేదు. ఒకప్పుడు ఉండేది: సీడీ 700 ఎంబీ, పాత టీవీలు చదివే ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, నెట్ సెంటర్లో గంటకి ఇంత అని కట్టాలి. 2016లో జియో వచ్చాక డేటా గొడవ తీరింది, టెలిగ్రామ్‌లో 2 జీబీ ఫైలు పోతుంది, 2022 నుంచి వాట్సాప్‌లోనూ అంతే. రెండు జీబీలో డీవీడీ నాణ్యత దాదాపు దెబ్బతినకుండా ఇమిడిపోతుంది. 400 ఎంబీ అన్నది ఇప్పుడు ఒట్టి అలవాటు.

హక్కుదారుల సంగతికొస్తే, నెగటివ్ రైట్స్ ఫైనాన్షియర్‌కి, అక్కడి నుంచి ఛానెల్‌కి, ఇంకెవరికో చేతులు మారి, చివరికి ఎవరిని అడగాలో నిర్మాత పిల్లలకే తెలియదు. పరిశ్రమ హైదరాబాద్ వచ్చేసినా చాలా నెగటివ్‌లు చెన్నై ల్యాబుల్లోనే మిగిలాయి. అసిటేట్ ఫిల్ము వేడికి, తేమకి కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది, ఆ వాసన మొదలైతే ఆపడం ఎవరి తరమూ కాదు. పుణెలో 1964 నుంచీ జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, 2022లో దాన్ని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఎన్ఎఫ్‌డీసీలో కలిపారు, కానీ అడిగి వెంటపడేవాళ్లు ఉంటేనే ఏ సినిమాకైనా వంతు వస్తుంది. అరవిందన్ మలయాళంలో తీసిన 'తంపు'ని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగుచేయిస్తే 2022లో కాన్ చిత్రోత్సవంలో వేశారు. మనం 2010లో 'మాయాబజార్'కి రంగులు వేసుకున్నాం. మంచిదే, కానీ రంగులు అక్కర్లేని చిన్న సినిమాకి స్కానర్ ఎక్కే యోగం ఎప్పుడు పడుతుందో. 2కె స్కాన్ మొత్తం రెండున్నర టెరాబైట్ల దగ్గర తేలుతుంది, పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరికే ఒక్క 4 టీబీ డిస్కులో పడుతుంది. చోటు సమస్య కాదు, నెగటివ్ వెతికి స్కానింగ్ ఖర్చు పెట్టేవాళ్లు కావాలి.

అంతదాకా మన చేతిలో ఉన్నది డిస్కులే. ఇంట్లో ఎక్కడైనా పాత తెలుగు డీవీడీ ఉంటే ముందు దాన్ని ఐఎస్ఓగా, అంటే డిస్కు మొత్తానికి ఒకే ఫైలు నకలుగా, యథాతథంగా దించుకోండి, ఏదీ మార్చకుండా, 4.7 జీబీయో 8.5 జీబీయో ఎంతుంటే అంత. డిస్కు పారేయకండి. ఎవరికైనా చూపించాలంటే విడిగా చిన్న కాపీ చేసుకోవచ్చు. హక్కులు చేతిలో ఉన్న నిర్మాతల కుటుంబాలకైతే ఇంకా తేలిక: ఇంటర్‌లేసింగ్ తీసి, బొమ్మని లాగకుండా దాని 4:3లోనే ఉంచి, 1440పికి పెంచి సొంత యూట్యూబ్ ఛానెల్లో పెట్టండి, చిన్న రిజల్యూషన్‌లో పెట్టిన దానికన్నా దానికి యూట్యూబ్ ఎక్కువ బిట్‌రేటు (సెకనుకి వాడే డేటా) ఇస్తుంది. ఎన్‌కోడింగ్‌కి ఒక రాత్రి, అప్‌లోడ్‌కి ఒక పూట పడుతుంది. సబ్‌టైటిల్స్ ఊరికే రాసిపెట్టే సినిమా పిచ్చోళ్లు ఈ ఊళ్లో బోలెడుమంది ఉన్నారు, వాళ్లని ఒక్క మాట అడిగితే చాలు.